ముందు సీటు ఎత్తు

మధ్యాహ్నం. సైకిల్ రిపేరు షాపు. ఇద్దరు తొక్కే పొడుగాటి సైకిల్ ఒకటి, దాని పక్కన ముసలి మెకానిక్, తీసుకొచ్చిన ఆవిడ.

"ఏడాదిగా ఇంట్లోంచి కదల్లేదంటున్నావు. కదలని బండికి గొలుసు ఇంత సాగుతుందా, తల్లీ?"

"కదల్లేదు బాబాయ్, నిజం. కానీ రోజూ తొక్కుతున్నా."

"కదలకుండా తొక్కడమేంటి?"

"స్టాండు మీద. వెనక చక్రం నేలకి తగలకుండా ఎత్తిపెట్టి, ముందు గదిలో. పొద్దున్నే గంటసేపు. ఆ స్టాండు చేసిచ్చింది మీరేగా."

"నేనిచ్చింది మీ ఆయనకి. వంతెన కొట్టుకుపోయి, ఈ సైకిల్ మీద సముద్రం దాకా వెళ్ళాలన్న మీ ప్రయాణం ఆగిపోయినప్పుడు వచ్చాడు. బాబాయ్, దారి బాగయ్యేదాకా కాళ్ళు తుప్పు పట్టకూడదు, ఏదో ఒకటి చేసిపెట్టు అన్నాడు."

"పది రోజుల్లో బయల్దేరదాం అన్నారు. నాలుగు రోజులు తొక్కాం. ఆయన ముందు, నేను వెనక. ఐదో రోజు..."

"వద్దులే. తెలుసుగా."

"చెప్పనివ్వండి బాబాయ్. ఐదో రోజు పనికెళ్ళి, నిలబడ్డ చోటే కూలిపోయారు. అప్పుడప్పుడూ ఇలా పైకి అనకపోతే, ఊరెళ్ళారేమో అనిపిస్తుంది."

"సరే, సరే. గొలుసు కొత్తది వేస్తా. బ్రేకులు వాడలేదు కాబట్టి బాగానే ఉన్నాయి. ఇదేంటి, వెనక సీటు ఇంత నున్నబడింది? నువ్వింకా వెనకే కూర్చుంటున్నావా?"

"అలవాటు."

"ముందు ఎవరూ లేకుండానా?"

"స్టాండు మీదేగా. హ్యాండిల్ ఎవరు పట్టుకుంటే ఏం, పట్టుకోకపోతే ఏం?"

"నేనడిగింది అది కాదు."

"అక్క కూడా అది కాదనే అంది. మొన్న గడియ వేయడం మర్చిపోయా. తలుపు తోసుకొచ్చి చూసింది. ఖాళీ సీటు వెనక కూర్చుని చెమటలు కక్కుతున్నా. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది, పాపం. ముందు సీటెక్కి రోడ్డు మీద తొక్కు, లేదంటే బండి ఎవరికైనా ఇచ్చెయ్యి అని, తేల్చుకోడానికి ఇవాళ సాయంత్రం దాకా గడువిచ్చింది."

"మీ అక్క నోట్లో పంచదార పొయ్య!"

"ఇచ్చెయ్యలేను బాబాయ్. అందుకే వచ్చా. ముందు సీటు దించండి, నాకు అందేలా."

"ఇప్పుడే దించుతా. ఎంత దించాలో తెలుసా? జానెడు! మీ ఆయన మనిషా, కరెంటు స్తంభమా?"

"కాళ్ళేమో బాతు కాళ్ళు."

"బాతే మరి! పాదాలు బయటికి తిప్పి తొక్కేవాడు. పెడల్ రబ్బరు బయటి అంచే అరిగేది, వంకరగా, పాత చెప్పు అరిగినట్టు. వంద పెడళ్ళలో కలిపేసినా అతనిది ఏదో చెప్పేవాణ్ణి. మీరు బయల్దేరాల్సిన రోజుకి ముందు రోజు ఈ ముందు జత కొత్తది నేనే బిగించా. ఇవైనా తిన్నగా తొక్కవయ్యా అంటే, సముద్రం చూశాక నేర్చుకుంటా అన్నాడు. అదీ, అలా నవ్వాలి."

"బాబాయ్, ఒకటి అడుగుతా. మీరు మాత్రం నవ్వకూడదు."

"అడుగు."

"ముందు పెడళ్ళు, వెనక పెడళ్ళు కలిసే తిరుగుతాయి కదా?"

"ఇది తిరిగితే అది తిరగాల్సిందే."

"ముందు మనిషి గట్టిగా తొక్కితే వెనక మనిషికి తెలుస్తుందా?"

"తెలీకేం? కాళ్ళ కింద బరువు పోతుంది. పెడలే పాదాన్ని లాక్కెళ్తుంది."

"అరగంట దాటాక..."

"ఆ, దాటాక?"

"అరగంట దాటాక, రోజూ, బరువు పోతోంది."

"తల్లీ."

"నవ్వొద్దన్నా."

"నవ్వట్లేదు. కాళ్ళు వేడెక్కితే అలాగే ఉంటుంది. ఏడాది తొక్కావు, పిక్కలు గట్టిపడ్డాయి, ఒళ్ళు తేలికైంది. అంతే."

"నేనూ అదే అనుకున్నా. అందుకే ఒకరోజు తొక్కడం ఆపేశా. పెడళ్ళ మీద పాదాలు పెట్టి ఊరికే కూర్చున్నా."

"చక్రం కాసేపు తిరిగి ఆగుంటుంది."

"చక్రం కాదు బాబాయ్. పెడళ్ళు ఆగలేదు."

"పెడళ్ళా? అయితే ఫ్రీవీల్ పట్టేసింది. పట్టేస్తే చక్రమే పెడల్‌ని తిప్పుతుంది. ఇంత భయపడాల్సిందేం లేదు, ఉండు, చూస్తా... చక్రం కదలకుండా పెడల్ వెనక్కి తిరుగుతోందే. చప్పుడు కూడా బాగానే ఉంది."

"పట్టెయ్యలేదా?"

"అప్పుడు పట్టి, ఇప్పుడు వదిలుంటుంది. ముందు సీటు మీద ఇంకెవరైనా ఎక్కారా? చుట్టాలూ అదీ?"

"ఎవరూ ఎక్కలేదు. ఏడాదిగా ఈ బండి మీద చెయ్యి వేసింది నేను. ఇవాళ మీరు. నాకు పిచ్చి పట్టిందా బాబాయ్? అది తెలిస్తే చాలు. పిచ్చే అంటే సీటు దించుకుని వెళ్ళిపోతా."

"పిచ్చి కాదు, ఒంటరితనం. ముందు ఎవరూ లేరమ్మా. ఖాళీగా తిరిగే పెడలుకి రబ్బరు అరగదు. నీ వెనక జత చూడు, గీతలన్నీ పోయి నున్నగా అయిపోయాయి. ముందువి నేను బిగించినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. విప్పి నీ చేతిలో పెడతా, నువ్వే చూసుకో. ఆ పానా ఇటివ్వు."

"ఇదిగో."

"చూసుకుని, మనసు కుదుటపరుచుకుని, హాయిగా రోడ్డెక్కు. వంతెన కట్టేశారు. దారి అద్దంలా ఉందట. సముద్రం ఎక్కడికీ పోలేదు, నువ్వే... బయటి అంచు."

"ఏంటి బాబాయ్?"

"ఏం లేదు."

"ఆ రబ్బరు అలా తడుముతున్నారేం?"

"దుమ్ము. నాలుగు రోజులే తొక్కాడన్నావు కదూ?"

"నాలుగే. అరిగాయా?"

"నాలుగు రోజులకి ఏం అరుగుతుంది?"

"అయితే చూపించండి. చెయ్యి తీయండి బాబాయ్."

"చేతికి నూనె ఉంది. తర్వాత చూద్దువుగాని."

"సరే, మీరు చూశారుగా, చాలు. సీటు దించెయ్యండి. అక్కకి సాయంత్రంలోగా చెప్పాలి."

"దించనమ్మా."

"అదేంటి? ఇప్పటిదాకా మీరేగా..."

"దించితే మీ ఆయన మోకాళ్ళు ముడుచుకుని తొక్కాల్సొస్తుంది."