కుడి గడిలో టిక్కు

ఏం జరిగిందంటావా? మీ పెద్దమ్మమ్మ ఎడమచేతి డాక్టరమ్మకి కుడిచేతి కుర్చీ అమ్మింది. అంతే. ఇందులో దాచేదేం లేదు, ఆవిడే ఎప్పుడూ దాచలేదు. ఇందాక నువ్వు ఫోనులో జీతమెంత, కమీషనెంత అని ఆ కంపెనీ మనిషిని గుచ్చి గుచ్చి అడుగుతుంటే ఆవిడ గుర్తొచ్చింది. ఆ ఫ్యాను కాస్త తగ్గించి ఇలా కూర్చో, నాకు గొంతు పెంచే ఓపిక లేదు. పళ్ళ డాక్టర్లకి సామాన్లమ్మే ఉద్యోగమే కదా నీకూ వచ్చింది? మరి మన ఇంటిమనుషుల్లో అదే ఉద్యోగం ఇరవై ఎనిమిదేళ్ళు చేసినావిడ నీకు గోడమీద ఫొటోగానే తెలుసు. పోయి కూడా ఇరవై రెండేళ్ళయింది. ఆ ఫొటోలో చాలా నెమ్మదస్తురాలిలా కనిపిస్తుంది గానీ, నమ్మకు. ఆవిడ నడుస్తుంటే పక్కవాళ్ళు పరిగెత్తాలి.

మీ అమ్మమ్మకి అక్క, నాకు వదిన. ఆవిడ అమ్మేది, నేను వెళ్ళి బిగించేవాణ్ణి. కంపెనీలో నన్ను చేర్పించింది కూడా ఆవిడే, "మా మరిదికి స్పానరు తప్ప ఇంకోటి పట్టుకోడం రాదండీ, మీకే పనికొస్తాడు" అని. అదీ సిఫార్సు. అప్పటికి నాకు ముప్ఫై దాటాయి, మీ అమ్మ పుట్టేసింది కూడా. ఏం చెబుతున్నాను? ఆఁ, కుర్చీ. కుర్చీ అంటే వట్టి కుర్చీ కాదు. పేషెంటు పడుకునే పరుపు, పైన లైటు, కుడిపక్క డ్రిల్లు వేలాడే పొడుగాటి చెయ్యి, ఎడమపక్క ఉమ్మే గిన్నె. డాక్టరు కుడిపక్క కూర్చుని పనిచేస్తాడు. ఎడమచేతి వాళ్ళకైతే ఇదంతా అద్దంలో చూసినట్టు తిరగబడాలి. దాన్ని ఫ్యాక్టరీకి విడిగా చెప్పి చేయించుకోవాలి, నాలుగు నెలలు పడుతుంది. నువ్వే అటుది ఇటు మార్చేయలేవా అనకు, గొట్టాలన్నీ పోత పోసిన ఇనప దిమ్మలోంచి పోతాయి. అందుకే ఆర్డరు ఫారంలో ఏడో ప్రశ్న ఉండేది, డాక్టరుగారిది ఏ చెయ్యి అని. పక్కన రెండు గడులు, కుడి, ఎడమ.

ఆవిడకి పదకొండేళ్ళలో ఒక్క ఎడమచేతి డాక్టరూ తగల్లేదు. దాంతో ఏం చేసిందో తెలుసా? ఓ సెలవు రోజు ఫారాల కట్ట ముందేసుకుని, పేకముక్కలు పంచినట్టు ఒక్కోటీ తిప్పుతూ, వందకి వందా కుడి గడిలో టిక్కులు కొట్టేసింది. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అర నిమిషం కలిసొస్తుందట. మీ అమ్మమ్మ కూడా ఓ పాతిక కొట్టింది, పక్కింటావిడ కబుర్లు చెప్పుకుంటూ. అవునే, మీ అమ్మమ్మే. వంటింట్లోంచి వింటోంది, విననీ.

ఆ తొందరెందుకంటే, మా మేనేజరు వల్ల. ఆయన్ని గంటాయన అనేవాళ్ళం. బల్లమీద ఇత్తడి గంట ఉండేది, కుర్చీ అమ్ముడైనప్పుడల్లా ఠంగుమని మోగించేవాడు, ఆఫీసంతా చప్పట్లు కొట్టాలి. ఆ ఏడు ఎవరైనా ముప్ఫై కుర్చీలు అమ్మితే వాళ్ళే తన కింద బ్రాంచికి పెద్ద అన్నాడు. జీతం ఇంచుమించు రెట్టింపు, తిరుగుడు లేదు, సొంతగది. మొత్తం అమ్మేవాళ్ళు పన్నెండుమంది, అందులో పదకొండుమంది మగాళ్ళు. మా వదిన ఇరవై తొమ్మిది అమ్మేసి కూర్చుంది, ఏడాది ముగియడానికి ఇంకా మూడు వారాలుంది. రాత్రీ పగలూ అదే ధ్యాస. సొంతగదికి కర్టెన్ల రంగు కూడా అనుకుంది, ఆకుపచ్చ.

ముప్ఫైయోది ఆ డాక్టరమ్మ. చదువైపోయి కొత్తగా క్లినిక్కు పెట్టుకుంటున్న పిల్ల. మా వదిన వాళ్ళింటికి వెళ్ళింది, టీ ఇస్తే తాగింది, కేటలాగు చూపించింది, సంతకం పెట్టించుకుంది, ముప్పావుగంటలో బయట పడింది. ఆ అమ్మాయి టీ ఇచ్చింది కుడిచేత్తో, సంతకం పెట్టింది కుడిచేత్తో. చిన్నప్పుడు వాళ్ళ నాన్న వేళ్ళమీద కొట్టి కొట్టి రాత మార్పించాడట. పళ్ళ పని మాత్రం వాళ్ళ నాన్నకి రాదు కదా, అందుకని అక్కడ చెయ్యి దాని ఇష్టమొచ్చినట్టు పోయింది. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. ఇక్కడ గంట మోగింది, చప్పట్లు, టీలు. నేను వెళ్ళి బిగించేశాను. నేనూ అడగలేదు సుమా, ఫారంలో కుడి అని ఉంది కదా. ఆవేళ ఆ అమ్మాయి క్లినిక్కులో లేదు, గుమ్మానికి కట్టే రిబ్బను కొనడానికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే ప్రారంభం. నేనూ వదినా వెళ్ళాం. మొదటి పేషెంటు వాళ్ళ వీధిలోనే ఉండే రిటైరైన హెడ్మాస్టరు, పిలిచి పడుకోబెట్టారు. ఆ అమ్మాయి స్టూలు తీసుకెళ్ళి ఎడమపక్క వేసుకుంది. డ్రిల్లేమో అవతలి పక్కనుంది. అది లాగితే గొట్టం ఆయన ముక్కు మీదుగా, మెడ కిందుగా బట్టలారేసే తాడులా సాగింది. ఆయన నోరు తెరుచుకునే ఉన్నాడు, క్రమశిక్షణ గల మనిషి. తర్వాత పుక్కిలించమంది. గిన్నె ఉన్నచోట డాక్టరమ్మ మోకాళ్ళున్నాయి. పాపం బుగ్గలు ఉబ్బించుకుని ఆయన గిన్నెనీ ఆవిడనీ మార్చి మార్చి చూసి, చూసి, చివరికి మింగేశాడు. "మింగేశానమ్మా, ఫరవాలేదా?" అన్నాడు. ముందు ఆ అమ్మాయికే నవ్వొచ్చింది. తర్వాత ఆయనకి. ఆయన లేచి, "పోనీ నేను తలా కాళ్ళూ తిప్పి పడుకుంటే కుదురుతుందేమో చూడండి" అని నిజంగా తిరిగి పడుకున్నాడు, బూట్లతో, తల పెట్టుకునే చోట. నేను గోడవైపు తిరిగి నవ్వాను. మా వదిన నవ్వలేదు.

అంతా అయ్యాక ఆవిడ అడిగింది, నీది ఎడమచెయ్యని ముందే ఒక్కమాట చెప్పొచ్చు కదమ్మా అని. ఆ అమ్మాయి కోపంగా కూడా అనలేదు. "మీరు అడుగుతారనుకున్నానక్కా" అంది.

అక్కణ్ణించి వదిన తిన్నగా ఆఫీసుకి నడిచింది, వెనకాల నేను పరుగు. గంటాయన దగ్గరికి వెళ్ళి కుర్చీ వెనక్కి తెచ్చేద్దాం, ఎడమచేతిది తెప్పిద్దాం, ఈ అమ్మకం లెక్కలోంచి తీసెయ్యండి అంది. ఆయన నవ్వుతూ బుజ్జగించాడు. నీకెందుకమ్మా, సంతకం ఉంది, ఆ పిల్ల నెమ్మదిగా కుడిచెయ్యి అలవాటు చేసుకుంటుంది, నాలుగు రోజుల్లో నువ్వు నీ సొంతగదిలో కూర్చుంటావు అని. అందులో తప్పేముంది, ఆయన మంచికే చెప్పాడు. అప్పుడు ఆవిడ అంది, "సంతకం ఆవిడదండీ. టిక్కు నాది." గంటాయన కుర్చీలో వెనక్కి వాలి, "అయితే మోగించిన గంటని ఏం చెయ్యమంటావు?" అన్నాడు. ఆవిడ గంట తీసి, తలకిందులుగా బల్లమీద పెట్టి, పక్కనున్న గుండుసూదులు అందులో పోసి బయటికొచ్చేసింది. ఆయన కూడా ఎన్నాళ్ళో దాన్ని అలాగే ఉంచాడు. మంచివాడేలే. చప్పుడే ఎక్కువ.

నాలుగు నెలలూ ఆ డాక్టరమ్మ చేతులు ముడుచుకు కూర్చోకూడదు కదా. మా గోడౌనులో ఓ పాత కుర్చీ ఉండేది, డ్రిల్లు విడిగా చక్రాల బండిమీద, ఎటు కావాలంటే అటు తోసుకోవచ్చు. దాన్ని తుడిచి పట్టుకెళ్ళి పెట్టాం. అది సరిగ్గా కదులుతోందో లేదో చూద్దామని వదిన మూలన స్టూలు వేసుకుని కూర్చుంది. మళ్ళీ ఆ హెడ్మాస్టరే వచ్చాడు. ఇప్పుడు చెప్పేది విను. పదకొండేళ్ళుగా పళ్ళ కుర్చీలమ్ముతున్న మనిషి, ఒక పన్ను మొదలుపెట్టి పూర్తయ్యేదాకా బాగుచెయ్యడం అంతకుముందు చూడలేదు. ఎలా చూస్తుంది, ముప్పావుగంటలో బయట పడేది కదా. గంటసేపు నోరు తెరుచుకుని చూసింది. హెడ్మాస్టరు మూస్తే ఆవిడ మూసింది. ఆయన లేచి, పన్నుమీద నాలుక అటూ ఇటూ తిప్పి చూసుకుని, మొహమంతా వెలిగిపోయి, పదినెలల తర్వాత ఈపక్క నమలబోతున్నానమ్మా అన్నాడు. ఆ సాయంత్రం వదిన మా ఇంటికొచ్చి ఆ మాటే పదిసార్లు చెప్పింది, ఆయనలా బుగ్గ ఉబ్బించి మరీ. మీ అమ్మమ్మకి ఒళ్ళు మండింది. "నమిలితే నమిలాడు. గది పోయింది, కర్టెన్లు పోయాయి, ఆయన నమలడం చూసి కడుపు నింపుకుంటావా?" అని. ఆవిడ, "కొద్దిగా నిండిందే" అంది.

మర్నాడు కూర్చుని, టిక్కులున్న ఫారాలు మిగిలినవన్నీ చింపేసింది. ఏ డాక్టరైనా సరే, ఒక నోట్లో పని చెయ్యడం మొదటినుంచి చివరిదాకా చూస్తేగానీ ఆర్డరు రాయనంది. రాయలేదు. తర్వాతి ఏడు ముప్ఫై కాదు, పధ్నాలుగు అమ్మింది. బ్రాంచికి పెద్ద ఇంకెవరో అయ్యాడు, గదికి గోధుమరంగు కర్టెన్లు వేయించాడు, అది మాత్రం ఆవిడ చచ్చేదాకా క్షమించలేదు. జీతం నువ్వు చెబుతున్న అంకెలకి దరిదాపుల్లో కూడా లేదు, ఆ మాట నీకు దాచను. డబ్బు చాలక గింజుకున్న నెలలున్నాయి, చెప్పుల జత కొనడానికి రెండు నెలలు ఆలోచించింది. నాలుగేళ్ళకి డాక్టర్లే ఒకరికొకరు చెప్పుకుని ఆవిడనే పంపమనేవాళ్ళు, అప్పుడు ఇరవై రెండు, ఇరవై మూడు. ముప్ఫై ఎప్పుడూ కాలేదు. ఓసారి పైవాళ్ళు మా అందరికీ ఒక కాగితం పంపారు, ఉద్యోగంలో మీ తృప్తి పదికి ఎంత అని. అందరం ఏడో ఎనిమిదో వేసిచ్చాం. ఆవిడ "ఏ రోజుది?" అని రాసి పంపింది.

రిటైరయ్యే రోజు కూడా అంతే. సాయంత్రం ఆఫీసులో సభ, మధ్యాహ్నం ఓ డాక్టరు పిలిచాడు, ఆవిడ చేతి మీదుగానే కొంటానని. వెళ్ళాం. పేషెంట్లు ఎవరూ లేరు. ఆయన పెన్ను తీసి, సంతకం పెట్టేస్తానమ్మా, మీకు ఆలస్యమవుతోంది అన్నాడు. ఆవిడ ఫారం ఇవ్వలేదు. చుట్టూ చూసింది. ఆ గదిలో నోరున్నవాళ్ళు ఇంకెవరున్నారు? నావైపు చూసి, "మరిదిగారూ, కింద దవడ నొప్పని మొన్న అన్నారు కదా" అంది. అన్నానా, ఎప్పుడో మాటవరసకి అన్నాను. పడుకోబెట్టేశారు. ఇదిగో, ఈ పన్నే, చూడు, వెనక నుంచి రెండోది, ఇంకా గట్టిగా ఉంది. గంటంపావు. అక్కడ సభలో గంటాయన వచ్చి కూర్చున్నాడు, దండలు వాడిపోతున్నాయి, ఈవిడ ఇక్కడ స్టూలుమీద కూర్చుని డాక్టరు చేతులకేసి చూస్తోంది. కుడి చెయ్యేనమ్మా. అందరిలాగే శుభ్రంగా కుడి చెయ్యి. నేను లేచి పుక్కిలించి ఉమ్మాక, అప్పుడు ఫారం తీసి టిక్కు పెట్టింది.