బొద్దింక కరిచిందని చీటీ

1942. జపాను వాడు బాంబు వేస్తాడని మద్రాసు జనం రైలెక్కి పారిపోయి వస్తున్న రోజులు. రేణిగుంటలో మిషను వారి చిన్న ఆసుపత్రి, పొద్దున పదిగంటలు. స్టూలు మీద కాంపౌండరు ప్రేమానందం, బెంచీ మీద వంటవాడు కుప్పయ్య, గడపలో అతని యజమాని, స్టేషను ఎదుట మాంసం వండిపెట్టే మిలిటరీ హోటలు నడిపే ఏకాంబర మొదలారి.

“కరవదు సామీ! బొద్దింక మనిషిని కరవదు. ఆ ఒక్క ముక్క రాసి కింద మిషను ముద్దర గుద్దండి. నేను పోతా.”

“కరుస్తాదయ్యా! ఈ మొదలారి మాట ఇనొద్దు. ఇదో కాలు, ఇదో మడిమ, ఇదో బొటనేలు. కుప్పయ్యను బొద్దింక కరిసిందని రాయి.”

“ఒకరి తర్వాత ఒకరు చెప్పండప్పా. మొదలారీ, గడపలో నిలబడి అరుస్తావేం? వచ్చి బెంచీ మీద కూచో.”

“వద్దు సామీ. బేస్తవారం బేస్తవారం ఆ బెంచీ మీదనే గదా కుష్టురోగులను కూచోబెట్టి సూదులు వేస్తారు. నాకు ఈడనే బాగుండాది.”

“ఫినాయిలు పోసి కడిగినాములే.”

“నేను కూసోలేదా మొదలారీ? నాకేం బయం? వాళ్లు హోటలు కాడికొస్తే కొరివికట్టె తీసుకోని తరిమేది నేనే గదా.”

“నువ్వు తరిమితే వాళ్లు యాడికి పోతారు కుప్పయ్యా?”

“రైలుకట్ట దాటేదాకా నా పని. ఆమింద యాడికి పోతే నాకేందయ్యా? వాళ్ల మాటెందుకిప్పుడు, బొద్దింక మాట సెప్పు.”

“ముందు జరిగింది చెప్పండి.”

“మొన్న సామీ, మద్రాసు వకీలు ఒకాయన పెండ్లాం బిడ్డలతో వచ్చినాడు. ఆకు వేసినాను. కైమా ఉండలు వడ్డించినాను. ఆయన చెయ్యి నోటికాడ ఉండంగా ఈ నా కొడుకు వంటింట్లో నుంచి కుంటుకుంటా వచ్చి, ‘మొదలారీ, రాత్రి గూడా బొద్దింకలు నా కాలు తినినాయి’ అన్నాడు!”

“ఉండేదే గదా నేననింది!”

“వకీలు లేచినాడు. వకీలు లేస్తే పంక్తంతా లేచింది. జపాను వాడు బాంబేసినా వాళ్లు అంత వేగంగా లేచుండరు సామీ.”

“దానికి నన్ను ఎల్లగొట్టినాడయ్యా. మెయిలుబండికి ఇడ్లీ దించాలని నేను ఇంటికి గూడా పోకుండా ఆ వంటింట్లోనే పండుకుంటా ఉంటే! ఆసుపత్రి చీటీ తెస్తేనే గడప తొక్కమన్నాడు. కరుస్తాదని నువ్వు రాస్తే నా పని నాకుండాది, పండుకునేదానికి మంచం గూడా కొనిస్తానని పదిమందిలో అనినాడు. కరవదని రాస్తివా, నేనూ నా పెండ్లాం నాగులమ్మా నలుగురు బిడ్డలూ బొద్దింకల మాదిరి ఎవురింట్లో ఎంగిలాకో నాకాల.”

“నా హోటల్లో బొద్దింకలే లేవు సామీ.”

“లేవులే. కాఫీపొడిలో ఏసి నూరేసినాడు.”

“రేయ్! అది చింతగింజలురా! యుద్ధం నాడు ఊరంతా చింతగింజలే!”

“ఒప్పుకున్నాడు. రాసుకోయ్యా.”

“నేను రాసేది కాలు గురించి, కాఫీ గురించి కాదు.”

“న్యాయంగా చూడండి సామీ. అసలు బొద్దింకకు పండ్లు యాడుండాయి?”

“నీకు మాత్రం ఎన్నుండాయి మొదలారీ? ముందర నాలుగూ ఊడిపోయినా మేక ఎముకలో మూలుగ పీలిస్తే సప్పుడు రైలుకు ఇనపడతాది.”

“అంత అన్నం, అంత కూర, అంత కొవ్వు పెట్టుకొని వీడి మడిమ తినాల్సిన కర్మ దానికేమొచ్చింది సామీ?”

“యాడుండాది అన్నం? యాడుండాది కొవ్వు? ఒగే ఎముకలతో మూడు దినాలు చారు కాస్తావే! దీపం ఆర్పేసరికి ఆ వంటింట్లో మిగిలేది నేనొగణ్ణే. పాపం, అవి మాత్రం ఏం జేస్తాయి?”

“సరే, సరే. సాక్ష్యముందా?”

“ఉండాదయ్యా! తెచ్చినా. ఇదో, ఈ అగ్గిపెట్టెలో.”

“అయ్యయ్యో, తెరవొద్దురా! సామీ, తెరవొద్దనండి!”

“బయమెందుకు మొదలారీ? నీ హోటల్లో లేనిదే గదా ఇది. నీ ఏలు పెట్టు. కరుస్తాదో లేదో కాంపౌండరయ్య ముందరే తేలిపోతాది.”

“పెట్టు మొదలారీ. కరవదని నీ మాటేగదా.”

“పెడతా సామీ. నాకేం భయం? ఇదో వేలు... చూడండి! చూడండి, మీసాలు ఆడించుకుంటా నిలబడింది. కరిచిందా? కరవలేదు. రాయండి!”

“మేలుకోనుండేవాణ్ణి ఎందుకు కరుస్తాది? అదేమన్నా ఎర్రిదా?”

“రాయండి సామీ, ఆలస్యమెందు... యాడికి పోయింది? రేయ్, యాడికి పోయిందిరా? అబ్బా! అమ్మా! కాలిమింద! పంచెలో దూరింది! సామీ, పైకి పోతాండాది!”

“దులుపు మొదలారీ, దులుపు! ఎగరొద్దు, సీసాలు పడతాయి!”

“ఆ, పోయింది, పోయింది. మొదలారీ, ఈ ఈడులో అంత ఎత్తు ఎగిరినావంటే జాతరలో యేషం కట్టొచ్చు నువ్వు.”

“నవ్వకురా లంజకొడకా! చర్మం మీద దాని కాళ్లు ఇంకా పాకినట్టే ఉండాది.”

“అదే నేనూ చూస్తాండా మొదలారీ. కాలు మోపితేనే నువ్వు కప్పు ముట్టేటట్టు ఎగిరినావు. కుప్పయ్యా, నీ కాలు ఇట్ల స్టూలు మీద పెట్టు.”

“పెట్టినా. సూసుకో.”

“ఊఁ. కొరికిన మాట నిజమే. బొటనవేలి పక్కన లోతుగా తినేసింది. ఒక్క రాత్రి పని కాదు ఇది. అవి తింటా ఉంటే నువ్వేం చేస్తాండావు?”

“పండుకోనుండా.”

“లేవలేదా?”

“మొద్దునిద్దరయ్యా.”

“దోమ కుడితే లేస్తావా?”

“యీపున కుడితే లేస్తా.”

“కాలి మీద కుడితే?”

“కాలి మీద దోమ కుట్టదయ్యా. తోలు మందం, రుసి ఉండదు.”

“వినండి సామీ! దోమకు లేని రుచి బొద్దింకకు దొరికిందంట!”

“మొదలారీ, కాసేపు ఊరకుండు. కుప్పయ్యా, చేతికి ఈ బొబ్బలేంది?”

“అదా! అది నా గొప్పయ్యా. నేను సెప్పుకోకూడదు. మొదలారీ, నువ్వు సెప్పు.”

“ఆ మాట మాత్రం నిజం సామీ. కాగే నూనెలో ఉత్త చెయ్యి పెట్టి వడ తీస్తాడు. బండి నిలబడితే చాలు, జనం దిగి పరిగెత్తి వస్తారు చూసేదానికి. నేను బోర్డు గూడా రాయించి పెట్టినాను.”

“ఎప్పట్నుంచి ఇది?”

“రెండేండ్లయ్యా. తిరుపతి గంగమ్మ జాతరలో యేషం కట్టినా, ఆ యేడే వచ్చింది. అమ్మ ఇచ్చిన వరం. మొదట సిటికెనేలికి వచ్చింది, ఆమింద ఉంగరమేలికి. ఇప్పుడు సెయ్యంతా వరమే!”

“చిటికెనవేలు చాపు.”

“సాగదయ్యా. గంటె పట్టి పట్టి వంగిపొయ్యింది.”

“మోచేతికాడ ఈ తెల్లమచ్చ?”

“అదీ అమ్మదే. పూజారి ఈబూది రాసినాడు, ఆడ్నే నిలిసిపొయ్యింది. పొయ్యి ముందర ఒళ్లంతా సెమటలు కారినా ఆడ మాత్రం సుక్క పట్టదు. ఏం మహిమో సూడు.”

“నాగులమ్మ చూసిందా దీన్ని?”

“సూసి ఏపనూనె రాసింది. నువ్వేందయ్యా, కాలు సూడమంటే పెండ్లిసూపుల మాదిరి ఒళ్లంతా సూస్తాండావు?”

“సామీ, మచ్చలూ మహిమలూ ఎందుకు? నాకు అంగడి ఉండాది. కరుస్తాదా, కరవదా?”

“కరుస్తాది మొదలారీ. పండుకున్నవాణ్ణి కొరుకుతాది. గోళ్లు, మడిమ పొట్టు, పసిబిడ్డల మూతికంటిన ఎంగిలి, ఏదైనా కొరుకుతాది.”

“అద్దీ! సచ్చినాడు మొదలారి!”

“కానీ కొరికితే మనిషి లేస్తాడు. ఎంత నిద్రలో ఉండేవాడైనా లేస్తాడు, తిడతాడు, చెప్పు వెతుక్కుంటాడు. తిననిచ్చేవాడు...”

“తిననిచ్చేవాడు? చెప్పండి సామీ.”

“ఏం లేదు. కుప్పయ్యా, కండ్లు మూసుకో.”

“ఎందుకు?”

“పిన్నుతో గుచ్చుతా. గుచ్చినప్పుడంతా ‘ఊ’ అను.”

“సీటీ రాసేదానికి పిన్నెందుకయ్యా?”

“మిషను రూలు.”

“మెల్లంగా గుచ్చు. సూదంటే నాకు సిన్నప్పట్నుంచి బయం.”

“మూసుకున్నావా?”

“గట్టిగా మూసుకున్నా. ఊ అనేదానికి నోరు మాత్రం తెరిసి పెట్టుకోనుండా.”

“సామీ... సామీ, అది... అంత లోపలికి...”

“నోరు మూసుకో మొదలారీ.”

“అయ్యో, మడిమలో గూడా... సామీ, చేతికి వద్దు, చేతికి వద్దు...”

“మాట్లాడొద్దంటి గదా.”

“చీటీ రాసేయండి సామీ. బొద్దింకే అని రాయండి.”

“ఏందీ?”

“బొద్దింకే కరిచింది సామీ. నా హోటల్లో బొద్దింకలు ఉండాయి. వంటింటి నిండా ఉండాయి, వెయ్యి ఉండాయి, పొయ్యిలో ఉండాయి, అండాలో ఉండాయి. అట్లనే రాయండి. మద్రాసు దాకా తెలిసినా పరవాలేదు. బొద్దింక తప్ప ఇంకొక్క మాట రాయొద్దు సామీ, మీ కాళ్లు పట్టుకుంటా.”

“అట్ల రా దావకు! గెలిసినా! మంచం మాట గూడా అందులోనే రాయించయ్యా, మల్ల మాట మారుస్తాడు.”

“కుప్పయ్యా.”

“ఆఁ, అయ్యా.”

“బేస్తవారం రా. తప్పకుండా రా. నేనుంటా.”

“బేస్తవారమా? ఆ పొద్దు వాళ్లుంటారు గదయ్యా ఈ బెంచీ మీద. సరేలే, కొరివికట్టె తెచ్చుకోని వస్తా. అదుండనీ, కండ్లు మూసుకోని మూసుకోని నాకు నిద్దరొస్తాండాది. గుచ్చేదుంటే బిరీన గుచ్చు.”