ఓరెస్ట్ వేషం

కెనడాలో, సస్కాచువాన్‌లో ఒక చిన్న ఊరు. మార్చి నెల, శనివారం పొద్దున. ఏటేటా జరిగే కొత్త ఏకాంకికల పండగకి ఇంకా ఆరు రోజులుంది. ఊరి హాలు కింద, దుస్తుల గదిలో, డేరియా కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. మొదటి ఏడు నుంచీ ఈ పండగలో నాటకాలు ఆడిస్తున్న గ్వెన్ చెప్పవలసింది సగం చెప్పి, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

“నీ మీదికి తోసెయ్యాలని కాదు డేరియా. ఓరెస్ట్ భార్యవి. వేషం మార్చేస్తున్నామని నువ్వైతే మెల్లిగా చెప్తావని.”

“మెల్లిగా చెప్తే మారుతుందా?”

“మారదనుకో.”

“అయితే గట్టిగా నువ్వే చెప్పు. ఆయన పైనే ఉన్నాడు, కుర్చీలు సర్దుతున్నాడు.”

“చూశాను. ‘ఏం గ్వెన్, ఇవాళ మొదటి నుంచా?’ అని అడిగాడు.”

“ఏమన్నావు?”

“కాఫీ తాగొస్తానన్నాను.”

“తాగావా?”

“డేరియా.”

“ఏం లేదు, అడిగాను. ఆ వేషం ఎవరికిస్తున్నావు?”

“ఇంకా అనుకుంటున్నాం. అంటే, ఎవరూ...”

“గ్వెన్. ఈ కోటు ఓరెస్ట్ కొలతలకి కుట్టాను. పొద్దున వచ్చేసరికి, భుజాలు వదులు చెయ్యమని నీ దస్తూరీతో చీటీ గుచ్చి ఉంది. ఎవరి భుజాలు?”

“కెల్విన్‌వి.”

“పళ్ళ డాక్టరు కెల్వినా? నలభై అయిదేళ్ళవాడు డెబ్భై ఏళ్ళ ముసలాడా?”

“జుట్టుకి పౌడరు వేస్తాం. అతనికి మాటలన్నీ కిందటి వారమే వచ్చేశాయి.”

“కిందటి వారమే.”

“ఊరికే చదువుకోమని ఇచ్చాను. ముందు జాగ్రత్తకి.”

“బాగుంది. మా ఆయన పైన స్టేజీ మీద వేస్తుంటే, కెల్విన్ వాళ్ళింట్లో అద్దం ముందు వేస్తున్నాడన్నమాట.”

“నన్నేం చెయ్యమంటావు? గురువారం నువ్వు చూళ్ళేదు. మూడో పేజీలోంచి మొదటి పేజీకి వెళ్ళిపోయాడు. అక్కణ్ణించి మళ్ళీ మూడు. మళ్ళీ ఒకటి. పెళ్ళాం వేషం వేస్తున్న పిల్లకి ఏడుపొక్కటే తక్కువ. పోనీ పక్కనుంచి నేను మాట అందిద్దును కదా, నా వైపు తిరిగి ‘మీరెవరండీ’ అన్నాడు. ముప్ఫై ఒక్క పండగలు కలిసి చేశాం. మీరెవరండీ అట.”

“అంతా నవ్వారా?”

“వేళాకోళమనుకుని నవ్వారు. నేను నవ్వలేదు.”

“నువ్వెందుకు నవ్వుతావులే. ఎప్పుడు దొరుకుతాడా అని చూస్తున్నావు.”

“అదేం మాట?”

“ఉన్న మాటే. పోయినేడు రెండు పేజీల వేషం పడేశావు. అంతకు ముందేడు తలుపు కొట్టి ఉత్తరం ఇచ్చి వెళ్ళిపోయే మనిషి. ఈసారి పెద్దదెందుకిచ్చావో నాకు తెలీదనుకోకు. నాటకాలు చదివే కమిటీలో మిగతా ముగ్గురూ ఇది ఓరెస్టే వెయ్యాలని పట్టుబట్టారు.”

“పట్టుబట్టారు. నేనూ ఒప్పుకున్నాను. ఎందుకంటే మంచి నాటకం డేరియా, ఇన్నేళ్ళలో ఇలాంటిది మన దగ్గరికి రాలేదు. రెజైనా నుంచి జడ్జి వస్తోంది. ఇది గెలిస్తే రాష్ట్రం పోటీకి వెళ్తాం. నా వయసెంతో నీకు తెలుసు. నాకూ ఒక్కసారి...”

“నీకూ ఒక్కసారి.”

“అవును, నాకూ. తప్పా?”

“తప్పని ఎవరన్నారు. ఇంతకీ రాసిందెవరట?”

“ఎవరికి తెలుసు? పేర్లు లేకుండానే కదా తీసుకుంటాం. ఆఖరి రోజున పేరున్న కవరు చింపితే తెలుస్తుంది. సస్కటూన్ అమ్మాయెవరో అయ్యుంటుంది, కాలేజీలో రాయడం నేర్చుకుంటుంటారే, ఆ బాపతు. మతిమరుపు మనిషిని ఎంత బాగా పట్టిందో. కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ‘మనం ఎక్కడికి బయల్దేరాం’ అని అడుగుతూ ఉంటాడు చూడు, ఆ పేజీ రెండుసార్లు చదివాను. ఎటొచ్చీ ఆ పెళ్ళాం పాత్రే...”

“దానికేం?”

“రాయి. ఒక్క కన్నీటి చుక్క లేదు. ఆయన అడిగినప్పుడల్లా ఒక్కో అబద్ధం. చేపల వేటకంటుంది, పెళ్ళికంటుంది, చర్చికంటుంది. రెండు మంచి మాటలు కలుపుదామనుకుంటున్నాను.”

“కలపకు.”

“జనం మెచ్చరు డేరియా, అలాంటిదాన్ని...”

“కలపకు గ్వెన్. నిజం చెప్తే ఆయన ప్రతిసారీ కొత్తగా భయపడతాడు. ఎక్కడికీ వెళ్ళటం లేదు, నీకు బాగోలేదు, అని రోజుకి పదిసార్లు చెప్పి చూడు. పదిసార్లూ ఆ మొహం చూడు. అప్పుడు చెప్దువుగాని, రాయో కాదో.”

“నువ్వు చదివావా ఆ నాటకం? ఓరెస్ట్ తన కాపీ నీకిచ్చాడా?”

“ఒకరివ్వడమేంటి, టైపు చేసిందే నేను.”

“ఎవరికి చేసిపెట్టావు?”

“రెండు చలికాలాల కిందట, డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన వారమే మొదలుపెట్టాడు. వంటింటి బల్ల దగ్గర, మనవరాలు వదిలేసిన నోటుపుస్తకంలో. ‘ఇప్పుడే రాసుకోవాలి డేరియా, ముందు ముందు నేను వెయ్యగలిగే వేషం ఇదొక్కటే’ అన్నాడు. పోయిన శరత్కాలంలో నేనే టైపు చేసి, పేరు రాసిన చీటీ వేరే కవర్లో పెట్టి అంటించి, మీకు పోస్టు చేశాను.”

“ఓరెస్టా? ఇది ఓరెస్ట్ రాశాడా?”

“రాసినవాళ్ళు అందులో వెయ్యకూడదని మీ రూలు. కవరు చింపేలోగా ఒక్కసారి వేసేస్తాడు కదా అనుకున్నాను. పోనీలే, నీకు పని తేలికైంది. మనసు చంపుకోనక్కర్లేకుండా కెల్విన్‌కి ఇచ్చెయ్యొచ్చు.”

“ఆగు. ఆగు, నన్ను కాస్త ఊపిరి తీసుకోనీ. రెండు నెలలుగా నా ఎదురుగా ఉన్నాడు. ఎవరో చిన్నపిల్ల రాసిందని నేను వాగుతుంటే తలూపుతూ విన్నాడు. ఇక్కడ మాట తీసేద్దాం, అక్కడ కలుపుదాం అంటే సరే సరే అన్నాడు. ఒక్క ముక్క అన్లేదే. అంత పొగరా మనిషికి?”

“పొగరు కాదు.”

“మరి?”

“వేషం ఆయనకే అని మీరు నాటకం పంపించారు చూడు, ఆ రోజు సోఫాలో కూర్చుని మొత్తం చదివాడు. చదివి, వంటింట్లోకి వచ్చి, ‘ఇది రాసినవాడెవడో కనుక్కో డేరియా, ఎంత నలిగిపోయి ఉంటాడో పాపం, ఒకసారి భోజనానికి పిలుద్దాం’ అన్నాడు.”