పైనాయన ఒక పట్నం, కిందాయన ఒక పట్నం

సభకు అధ్యక్షులైన మా బ్రాంచి మేనేజరు గారికి, ఆసుపత్రిలో ఎన్ని పనులున్నా మా కోసం వచ్చిన సూపరింటెండెంటు డాక్టరమ్మ గారికి, ముందు వరసలోని పెద్దలకు, కుర్చీలు ఖాళీగా ఉన్నా వెనక గోడకానుకునే నిలబడ్డ నా తోటి మెకానిక్కులకు, వాళ్లకు కూర్చోవడం ఎప్పుడూ అలవాటు లేదు, అందరికీ నమస్కారం. లిఫ్టు మెకానిక్కుల వీడ్కోలు సభకు పిలిచి మిమ్మల్ని నాలుగంతస్తులు మెట్లెక్కించినందుకు ముందుగా మన్నించండి. (నవ్వులు) ఈ భవనం లిఫ్టు మన కంపెనీది కాదండీ. ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు. (నవ్వులు, చప్పట్లు)

ఈ వీడ్కోలు ఇద్దరికి. మాట్లాడేది మాత్రం నేనొక్కణ్నే. ఇదిగో నా పక్కన ఈ కొత్త చొక్కాలో ఊపిరాడక కూర్చున్న అన్న, "తమ్ముడూ, నా తరఫున కూడా నువ్వే కానిచ్చెయ్" అని పొద్దున్నే చేతులు దులుపుకున్నాడు. ఈయన్ని మీరంతా పైనాయన అంటారు, నన్ను కిందాయన అంటారు. డాక్టరమ్మ గారి లాంటి వారి కోసం ఆ పేర్లెందుకొచ్చాయో చెప్పాలి. లిఫ్టు బాగుచేయడానికి ఇద్దరు కావాలండి. ఒకరు మేడ మీద మోటారు గదిలో ఉంటారు, ఒకరు అన్నిటికన్నా అడుగున గుంతలో ఉంటారు. ఒకరి మొహం ఒకరికి కనబడదు. కిందవాడు మాట చెప్పాలి, పైవాడు అదే మాట తిరిగి అనాలి, అప్పుడుగానీ స్విచ్చి మీద చెయ్యి వెయ్యకూడదు. "ఆపు" అంటే "ఆపు" అని వినబడాలి. మాట తేడా వస్తే కిందవాడి పని అంతే. ఇరవై ఏళ్లకు దగ్గరపడింది, ఏ ఊరికి బదిలీ చేసినా ఈయన పైన, నేను కింద. కంపెనీ మాకు వాకీటాకీలు కూడా ఇచ్చింది. మేనేజరు గారూ, అవి భద్రంగా ఉన్నాయి, డబ్బా కూడా విప్పలేదు. (నవ్వులు) మా ఆవిడ మాత్రం పెళ్లయిన కొత్తలో కాస్త కంగారుపడింది. తను "ఉప్పు తగ్గిందా" అంటే నేను "ఉప్పు తగ్గిందా" అని తిరిగి అని, ఆ తర్వాత తింటూ ఉండేవాణ్ని.

సరే, అసలు విషయం. మన బ్రాంచి పని వేరే చోట కలిపేస్తున్నారని తెలిసినప్పుడు మేనేజరు గారు మా ఇద్దర్నీ పిలిచి, రెండు పట్నాల్లోనూ ఇద్దరికీ చోటుంది, ఒకటి ఎంచుకోండి, జతగానే పంపిస్తాను అన్నారు. ఒకటి రేవు పట్నం, ఒకటి మేడల పట్నం. పేర్లెందుకు, మీ అందరికీ తెలుసు. ఆ రోజు నుంచి మాకు సలహాలకు కరువు లేదు. స్టోర్సు పెద్దాయన రేవులో ఇనుము తుప్పుపడుతుందన్నారు. అకౌంట్సు అమ్మాయి మేడల పట్నంలో జీతం సగం అద్దెకే పోతుందంది. ఇద్దరూ ఆ ఊళ్లు చూసినవాళ్లు కారు. (నవ్వులు) చూసి రమ్మని కంపెనీయే టిక్కెట్లిస్తే నేను ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లాను. మేడల పట్నంలో మేం దిగిన గదికి కిటికీ తెరుచుకోదు, రేవు పట్నంలో గాలికి కిటికీ మూసుకోదు. మా అమ్మాయి రెండూ బాగున్నాయంది, దానికి అప్పుడు సెలవులు కదా.

నిజం చెప్పొద్దూ, మేడల పట్నం లిఫ్టులు చూస్తే నాకు నోరూరింది. ఎక్కామో లేదో దిగమంటాయి. చెవులు దిబ్బళ్లు పడతాయి గానీ కాలికింద కదలికే తెలియదు. ఇక రేవు పట్నంలో అన్నీ మడత గ్రిల్లు తలుపుల కాలం నాటివి, ఒక్కోటి ఒక్కో రకంగా మూలుగుతుంది. ఎక్కేవాళ్లు మాత్రం వెనక వచ్చేవాళ్ల కోసం తలుపు పట్టుకుని నిలబడతారు, ఆ తలుపు పట్టుకోవడం వల్లే సగం చెడిపోతాయి. అయినా చూడటానికి బాగుంది.

ఇక్కడ చిక్కేమిటంటే, మా ఆవిడకు రేవు పట్నం ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పని దొరికింది. ఇన్నేళ్లూ నా బదిలీల వెనక తను నడిచింది. చేతిలో ఉన్న పని వదులుకుని, కొత్త ఊళ్లో మళ్లీ మొదటి మెట్టు నుంచి. ఒక్కసారైనా తన పని వెనక నేను నడవాలనుంది నాకు. అన్నగారి కూతురేమో మేడల పట్నంలో ఉంది, కొత్తగా పాప పుట్టింది. ఈ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి ఏం చేశాం? ఆయన కోసం నేను పొద్దస్తమానం మేడల పట్నాన్ని పొగిడేవాణ్ని, నా కోసం ఆయన రేవు గాలి ఒంటికి మంచిదనేవాడు. పొగిడేకొద్దీ, ఈయనకు నిజంగానే అక్కడికెళ్లాలనుంది కాబోలు అని ఒకరి గురించి ఒకరం అనుకున్నాం. పైగా పనిలో అలవాటొకటి ఉందిగా. కిందవాడు ముందు చెప్తేగానీ పైవాడు కదలడు. ఆయన నా మాట కోసం చూస్తున్నాడు. ఇది గుంతలో పని కాదు, సంసారాల సంగతి, పెద్దవాడు ఆయన చెప్పాలి అని నేను చూస్తున్నాను. గడువు దగ్గరపడింది. మేనేజరు గారు పిలిస్తే గోడ మీద పిల్లుల్లా ఇద్దరం "ఇంకా ఆలోచిస్తున్నామండీ" అనేవాళ్లం. ఆయన ఓపిక గొప్పది.

ఇంట్లో మాత్రం ఓపిక అయిపోయింది. మా ఆవిడా, వదినా కూరగాయల సంచులతో ఎదురుపడి అయిదు నిమిషాల్లో అన్నీ మాట్లాడేసుకున్నారట. మా ఆవిడ ఇంటికొచ్చి నాతో అంది, "రోజంతా ఆయనతో అరుస్తూనే ఉంటారుగా, ఆ అరిచేదేదో ఇది అరవండి."

మర్నాడు డాక్టరమ్మ గారి ఆసుపత్రిలో పని. నేను గుంతలోకి దిగాను, ఆయన పైకెళ్లాడు. స్ప్రింగులు చూశాను, తాడు చూశాను. ఇక పైకి రావడమే. అప్పుడు తల ఎత్తి, కనబడని మనిషికి చెప్పాను. "అన్నా, నాకు రేవు పట్నం కావాలి."

పైన పనిముట్టు కింద పెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత పైనుంచి వచ్చింది, "నీకు రేవు పట్నం కావాలి." అలవాటు ప్రకారం మాట మార్చకుండా అన్నాడు. ఆ వెంటనే, "నాకు పాప దగ్గరుండాలనుంది రా" అన్నాడు. నేను కూడా అదే తిరిగి అన్నాను. "నీకు పాప దగ్గరుండాలనుంది." డాక్టరమ్మ గారూ, ఆ రోజు మూడో అంతస్తులో రోగులెవరైనా కంగారుపడి ఉంటే ఆ అరుపులు మావే. (నవ్వులు)

అంతే, తేలిపోయింది. గుంతలోంచి పైకొస్తుంటే కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. బాధ లేదా అంటే ఉంది. ఇక జత ఉండదు. కానీ ఎవరి మీదా బరువు పెట్టకుండా వెళ్తున్నాం, మా ఆవిడ ఇప్పటికే అక్కడి ఆసుపత్రి దారి కంఠతా పట్టేసింది, వదిన పాపకు గౌన్లు కుడుతోంది. ఇంతకన్నా ఏం కావాలి. మేనేజరు గారూ, గడువు దాటినా మీరు పై ఆఫీసుకు సర్దిచెప్పారు. ఆ మేలు మరవం. తోటివాళ్లు మాకిచ్చిన పెట్టెలు కూడా బాగున్నాయి, ఇద్దరికీ ఒకే రంగు. స్టేషన్లో మారిపోకుండా చూసుకుంటాం.

ఇంకొక్కటి ఉంది. ఇది అన్నకు కూడా చెప్పలేదు. మొన్న రేవు పట్నం ఆఫీసుకు ఫోన్ చేశాను, అక్కడ నాతో పనిచేయబోయే మనిషెవరో తెలుసుకుందామని. ఒకమ్మాయి ఎత్తింది. మర్యాదగా మాట్లాడింది, ఇల్లెక్కడ చూసుకోవాలో చెప్పింది. పెట్టేసే ముందు అడిగింది, "మీరు పైన చేస్తారా అండీ, కింద చేస్తారా? నాకు రెండూ అలవాటే."

నిద్రలో లేపి అడిగినా నేను కింద అనే అంటాను. నాకొచ్చిన పని అది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ, "పైన చేస్తానమ్మా" అన్నాను.

ఈ వయసులో మోటారు గది పని కొత్తగా నేర్చుకోవడమేంటని అడక్కండి. గుంతలో నిలబడి తల ఎత్తి ఇంకొకరి గొంతు వినడం నావల్ల కాదు, అన్నా. అందుకని నీ చోటు నేను తీసుకున్నాను. ఆ అమ్మాయి కింద నుంచి ఏం చెప్పినా, నువ్వు నాకు పలికినట్టే ఆమెకు పలుకుతాను. ఆమె పైకొచ్చేదాకా స్విచ్చి దగ్గర్నుంచి కదలను.

ఇంతసేపు విన్న మీ అందరికీ మా ఇద్దరి తరఫున కృతజ్ఞతలు. అన్నా, ఇక తల ఎత్తు, అందరూ నిన్నే చూస్తున్నారు. మాకిక సెలవు.