చెంపల మీది ఎరుపు

(సెంటినరీ కాలనీలో ఒక క్వార్టరు. బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన రాయమల్లు, చెల్లెలు దీప మొగుడు నర్సింగాన్ని గల్లా పట్టి గోడకు నొక్కాడు.)

"చెప్తవా, ఇంకోటి గుద్దాల్నా?"

"మూతి పలిగింది బావా! ఇడువు, చెప్త..."

"నా చెల్లె రెండు చెంపలు ఎర్రగ కమిలినయి. ఎన్ని దెబ్బలు కొట్టినవ్ రా?"

"కొట్టలే. అది లూపస్ బావా. రోగం. చెంపల మీద గట్లనే లేస్తదట."

"రోగం చెంపలు చూస్కొని కొడ్తదా? ఇగో, పట్టు!"

"అబ్బా! దీపా, నువ్వన్న చెప్పవే!"

"అన్నా, కొట్టకు. రోగమే... నెలరోజులాయె... పెద్ద దవాఖానల చెప్పిన్రు."

"నీకు ఎగపోస్తున్నది చెల్లె, మాట్లాడకు. ఛాతి పట్టుకున్నవేంది? తన్నిండా?"

"అది గుడ లూపసే బావా. ఊపిరితిత్తి చుట్టు నీళ్ళు చేరినయి. దమ్ము తీస్తే కత్తితోని పొడిచినట్టుంటదట."

"బాయిల దిగి బొగ్గుదుమ్ము మింగేది మనం. ఇంట్ల ఉన్నదానికి ఊపిరి పాడైతదా? ఎవలికి చెప్తున్నవ్ రా?"

"మన రోగం వేరే బావా. దీనికి దుమ్ముతోని పనిలేదు. ఒంట్ల ఉన్న బలమే ఒంటి మీద తిరగవడ్తదట. కీళ్ళు, తోలు, ఊపిరి... దేన్నీ ఇడువదు. మొన్న వీపుల సూది గుచ్చి నీళ్ళు తీసిన్రు. పట్టి ఉన్నది సూడు."

"ఏది చెల్లె, ఇటు తిరుగు... అయ్యో. నిజమేనా?"

"నిజమే అన్నా. ఎడమ దిక్కు... నీళ్ళే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం జేస్తవ్ బావా? నా కంపెనీ మెడికల్ బుక్కు మీదనే కద దవాఖాన. నేను తీస్కపోతనే సూదులు, నేను తెస్తనే గోలీలు."

"తప్పైంది బావా. చెంపలు చూసేసరికి నాకు కండ్లు కనవడలే. నెత్తురు కారుతున్నది, తువ్వాల అడ్డం పెట్టుకో."

"పోనీ తియ్యి. చెల్లె మీద ప్రేమ, పావురం ఉంటది."

"ఇంత చేస్తున్నోన్ని పట్టుకొని కొడ్తి. నీ కాళ్ళు మొక్కుత బావా."

"ఏయ్, లే లే. ఏంది గిది?"

"అన్నా... మొక్కకు."

"దీపా, నువ్వు పండుకో. దమ్ము అస్తది."

"రానియ్యి. అన్నా, ఎడమ దిక్కుదే లూపస్. కుడి దిక్కు రెండు పక్కబొక్కలు నిన్న తన్ని ఇరగ్గొట్టింది... గా కాళ్ళే."