రాయబారి కోటు

పులివెందుల బస్టాండు ముందర నారాయణ టీ కొట్టులో మహబూబ్ బాషా నోరు తెరిచాడంటే బస్సు పోయినా జనం కదలరు. గల్ఫులో ఒక దేశంలో కారు నడిపి వచ్చిన మనిషి. ఆ పొద్దు అక్కడికి మసరత్ కూడా వచ్చింది. ఆమె మొగుడు షఫీ అదే దేశంలో డ్రైవరు. యజమాని అతని పాస్‌పోర్టు దాచిపెట్టుకుని ఇంటికి పంపడం లేదు. బాషాకు అక్కడి మన ఎంబసీలో పలుకుబడి ఉందని ఎవరో చెబితే కాగితాలు పట్టుకుని వచ్చి, ఆయన మాట ముగిసేదాకా బల్ల చివర కూచుంది.

"మన రాయబారి సారు డ్రైవరుకు జొరమొచ్చె మామా. ఒక్క పొద్దు కారు తోలుతావా బాషా అని అడిగిరి, సరే అంటి. జెండా కట్టిన కారు. పోలీసోళ్లు సలాం కొడ్తాండారు, సారుకు కాదు, నాకు."

"కొడ్తారులే," అన్నాడు నారాయణ.

"విను. సారు కొత్తగా వచ్చినాడు, ఈయప్పే మా రాయబారి అని మన రాష్ట్రపతి రాసిచ్చిన కాగితం ఆ దేశం రాజుకు ఇయ్యాల. కోట కాడికి పోయేతలికి సారుకు కడుపునొప్పి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోటు ఇప్పి నాకు తొడిగె. దేశం పరువు నీ చేతిలో ఉండాది, పో బాషా అనె. పోయి కాగితమిచ్చి రాజు పక్కనే కూచుంటి. ఏం తింటావప్పా అని ఆయప్ప అడిగె, బొరుగుల ఉగ్గాని, మిరక్కాయ బజ్జీ అంటి. ఆడ యాడిది? నేనే వంటింట్లోకి దూరి చేసి పెడితి. కారానికి రాజు కండ్లల్లో నీళ్లు. పక్కదేశం మీదికి పంపిన యుద్ధ ఓడల్ని ఆ పొద్దే ఎనక్కి పిలిపిచ్చె."

"బజ్జీకేనా?"

"రెండో ప్లేటుకు. సారు ఇంగ మంచం దిగల్యా, ఆర్నెల్లు నేనే రాయబారి. నా సంతకం చూసి, మనోళ్ల పాస్‌పోర్టులు దాచిన యజమానులంతా గోనెసంచుల్లో మోసుకొచ్చి పడేసిరి. నాలుగు విమానాలు నింపి అందర్నీ కడపకు తోలిస్తి."

మసరత్ లేచి వచ్చి, కాగితాలు ఆయన ముందు పెట్టింది.

"అన్నా, మాది ఒక్క పాస్‌పోర్టే. ఒక్క ఫోను చెయ్."

ఎవరూ నవ్వలేదు. బాషా ఫోను బయటికి తీసి, చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు నిజంగా సిగ్గేసింది.

"రాయబారిని నేను చూడనే లేదమ్మా," అన్నాడు. "నా పాస్‌పోర్టు గూడా యజమాని దాచిపెట్టుకునె. పారిపోయి ఎంబసీకి పోతి, వాళ్లే నన్ను ఇంటికి పంపిచ్చిరి. షఫీ నంబరియ్యి. ఏ బస్సెక్కాల, ఏ కిటికీ కాడ నిలబడాల, అన్నీ చెప్తా. నేను ఏడ్చుకుంటా నిలబడింది ఆడనే."