పసుపు గీత

బారహోనాలో మోటార్‌సైకిళ్ల షోరూమ్ వెనక, సర్వీసు షెడ్డు. మోటోకోంచో, అంటే బైక్ టాక్సీ, తోలుకుని బతికే ఒకతను మేనేజరు ముందు బండి స్టార్ట్ చేసి గేరు వేశాడు.

"విన్నారుగా సార్. గేర్‌బాక్సులో రాళ్లు పోసి రుబ్బినట్టుంది. ఇంకా వారంటీ ఉంది."

"ముగ్గురు మనుషుల్ని, గ్యాస్ బండని ఎక్కించుకు తిరిగితే అరవక పాడుతుందా?"

"ఈ ఊళ్లో ఎవడు ఎక్కించుకోడు సార్? ఆయిల్ మాత్రం ప్రతిసారీ మీ దగ్గరే మార్పించా."

"మార్చాం, నేనే దగ్గరుండి మార్పించా. మధ్యలో నువ్వు బయట విప్పించి చవక ఆయిల్ పోయించుంటావు."

"ఒట్టు సార్, ముట్టుకోలేదు."

"అందరూ వేసే ఒట్టే. ఆయిల్ బోల్టు మీద కంపెనీవాళ్లు గీసిన పసుపు గీత ఉంటుంది. మేం మొదటిసారి విప్పగానే అది తుడిచేసి ఎర్ర గీత గీస్తాం. ఆ ఎరుపు చెదిరిందా, నీ వారంటీ పోయినట్టే."

మేనేజరు టార్చితో బండి కింద వంగి చూశాడు. ఎంతసేపటికీ లేవలేదు.

"ఎరుపు చెదిరిందా సార్?"

మేనేజరు బొటనవేలితో బోల్టు మీద మురికి తుడిచాడు.

"నాకు ఇక్కడికి పసుపే కనిపిస్తోంది. కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది."

"బండి లోపల పెట్టు. నెమ్మదిగా మాట్లాడు, బయట జనం ఉన్నారు."

"వాళ్లూ ఆయిల్ మార్పించుకోడానికి వచ్చినవాళ్లే సార్."